పెద్దబాతుల కాపురం: ఆ బుస ఎవరి కోసం?

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ వాళ్లయినా, కోనసీమ కొబ్బరి తోటల వాళ్లయినా పెద్దబాతులను ఎందుకు తెచ్చుకున్నారని అడిగితే దాదాపు ఒకే మాట చెబుతారు. కొత్త మనిషి గేటు దాటితే నాలుగిళ్ల అవతలికి వినిపించేలా అరుస్తాయి, పైగా అవి తిరిగే చోటికి పాములు రావు. తెచ్చిన కొత్తలో అంతా బాగానే ఉంటుంది. తౌడు గిన్నె చప్పుడైతే చాలు పరిగెత్తుకొస్తాయి. చేతిలోంచి తోటకూర లాక్కుని తింటాయి. పిల్లలు వెంటపడినా పక్కకు తప్పుకుంటాయే తప్ప ఏమీ అనవు. ఓ రోజు పశువుల కొట్టం మూలన, గడ్డివాము చాటున ఆడబాతు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి కథ మారుతుంది. నిన్నటిదాకా చేతిలో తిన్న మగబాతు ఇవాళ మెడ నేలకు ఆనించి, నోరు తెరిచి, తాచుపాములా బుస కొడుతూ వచ్చి అదే చేతిని పట్టుకుని మెలిపెడుతుంది. "దీనికి పిచ్చెక్కింది" అంటాడు యజమాని. కొందరు ఆ వారంలోనే ఎవరికో ఒకరికి అంటగట్టేస్తారు.

నిజానికి ఆ యజమాని ఏ గుణం కోసమైతే డబ్బు పోసి కొన్నాడో, ఇప్పుడు కనిపిస్తున్నది అదే. ఇల్లు కాయడం, తోట కాయడం ఆ పక్షికి తెలియని పనులు. దానికి తెలిసిందల్లా తన జతను, గుడ్లను, పిల్లలను కాయడం. మనకు దొరికే కాపలా అందులోంచి వచ్చే కొసరు.

ముందు పేరు సంగతి చూడాలి. తెలుగులో బాతు అనగానే కొల్లేరు వైపు మందలుగా తోలే నీటిబాతే గుర్తొస్తుంది. ఈ పెద్ద రకాన్ని కొందరు గూస్ బాతు అంటారు, కొందరు హంసబాతు అంటారు, ధర పెంచాలనుకునే వ్యాపారి రాజహంస అంటాడు. ఆ చివరిది బేరం కోసం వాడే మాటే అయినా పూర్తిగా అబద్ధం కాదు. సంస్కృతంలో హంస, లాటిన్‌లో అన్సర్, జర్మన్‌లో గాన్స్, ఇంగ్లిష్‌లో గూస్, ఇవన్నీ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు. కశ్మీర్‌ సరస్సుల దగ్గర ఇళ్లలో పెంచే పెద్దబాతును అంజ్ అంటారు, అదీ హంసే. చలికాలంలో హిమాలయాలు దాటి మన చెరువులకు దిగే, తల వెనుక రెండు నల్లచారలుండే పెద్దబాతునే పూర్వులు హంస అన్నారని వాదించే పండితులూ ఉన్నారు. అదే నిజమైతే ఓరుగల్లు కీర్తి తోరణాల మీద కూర్చున్నవీ, పాలనూ నీళ్లనూ వేరు చేసేదిగా పేరు మోసిందీ మన పెరట్లో బుసకొట్టే పక్షికి దగ్గరి చుట్టాలే.

పెంపుడు పెద్దబాతుల మూలాలు రెండు. ఐరోపా రకాలు బూడిదరంగు అడవి బాతు నుంచి వచ్చాయి. చైనా రకాలు తూర్పు ఆసియాలోని మరో అడవి జాతి నుంచి వచ్చాయి. ముక్కు మొదట్లో, నుదుటి దగ్గర బొడిపె ఉంటే చైనా వైపుది, లేకపోతే ఐరోపా వైపుది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి బొడిపె ఉన్నవి, లేదా రెండూ కలిసిన సంకరాలు. మనుషుల దగ్గర వేల ఏళ్లుగా ఉండి ఒళ్లు పెంచుకున్నాయి, ఎగరడం దాదాపు మరిచాయి. కానీ కాపురం చేసే తీరు మాత్రం పెద్దగా మారలేదు. అందుకే అడవి బాతుల మీద జరిగిన పరిశోధనలు పెరటి బాతుకు కూడా చాలావరకు సరిపోతాయి. ఒక్క తేడా చెప్పుకోవాలి. అడవిలో మగది మామూలుగా ఒక్క ఆడదానితోనే బతుకంతా గడుపుతుంది. పెరట్లో రెండు మూడు ఆడవాటితో తిరుగుతుంది. అయినా వాటిలో ఒకదాని మీద ఎక్కువ మక్కువ చూపడం పెంపకందార్లకు తెలిసిన విషయమే.

నెల రోజుల కూర్చోవడం

పెద్దబాతు రోజు విడిచి రోజు ఒక గుడ్డు చొప్పున పెడుతుంది. గుడ్డు కోడిగుడ్డుకు దాదాపు మూడింతల బరువు. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడానికి కూర్చోదు. పెట్టిన గుడ్డు మీద గడ్డీ ఆకులూ కప్పేసి, ఏమీ తెలియనట్టు వెళ్లిపోయి మేస్తుంది. ఇలా రెండు మూడు వారాలు గుడ్లు పోగేసి, అప్పుడు కూర్చుంటుంది. అన్నీ ఒకేసారి వేడెక్కడం మొదలైతేనే అన్నీ ఒకేసారి పిగులుతాయి. పిల్లలన్నీ ఒకే వయసువైతేనే తల్లి వాటిని ఒకే రోజు మేతకు నడిపించగలదు. కోడి కూడా ఇదే లెక్క పాటిస్తుంది గానీ కోడికి 21 రోజులతో అయిపోతుంది. పెద్దబాతుకు 28 నుంచి 31 రోజులు పడుతుంది.

మగదీ ఆడదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో చాలామందికి తేలేది కూడా ఇప్పుడే. గుడ్ల మీద కూర్చున్నది ఆడది, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చుట్టూ తిరిగేది మగది. మగబాతు గుడ్ల మీద కూర్చోదు.

కూర్చునే ముందు ఆడబాతు తన రొమ్ము మీది మెత్తటి నూగును ముక్కుతో పీక్కుని గూట్లో పరుస్తుంది. గూటికి పరుపు దొరుకుతుంది. ఈకలు ఊడిన చోట వేడి చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. రోజులో ఒకటి రెండు సార్లు మాత్రమే లేస్తుంది. ఆ లేచే తీరు ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే మరిచిపోలేం. గబుక్కున లేవదు. మెల్లగా ఒళ్లు పైకెత్తి, ఆ నూగునూ గడ్డినీ ముక్కుతో అంచుల నుంచి లోపలికి లాగి, గుడ్డన్నది కంటికి కనపడకుండా దుప్పటి కప్పినట్టు కప్పుతుంది. అప్పుడు అడుగు బయట పెడుతుంది. మగది పరుగున ఎదురొస్తుంది, రెండూ మెడలు చాపి గట్టిగా పలకరించుకుంటాయి. ఆ తర్వాత అంతా హడావుడే. నీళ్లు తాగి, తొట్టిలో మునిగి లేచి, నాలుగు నోళ్లు మేసి, పొట్ట ఈకలు ఇంకా తడిగా ఉండగానే తిరిగొచ్చి కూర్చుంటుంది. ఆ కాసేపూ మగది పక్కనుంచి కదలదు. ఆ తడి గుడ్లకు మంచిది, కాసేపు చల్లారడమూ మంచిదే. ఇంక్యుబేటర్లో పెద్దబాతు గుడ్లు పొదిగించేవాళ్లు రోజూ కొంతసేపు మూత తీసి గుడ్లను ఆరనిచ్చి నీళ్లు చిలకరించేది తల్లి చేసేదాన్ని కాపీ కొట్టే.

ఈ నెల రోజులూ తల్లి బతికేది ఎక్కువగా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే. బాగా చిక్కిపోతుంది. చూసేవాళ్లకు టెన్షన్ పట్టుకుని, జబ్బు చేసిందేమోనని ఎత్తి బయట పెడతారు, మందులు పోస్తారు. అదే పెద్ద తప్పు. మేపాల్సింది గుడ్లు పెట్టే రోజుల్లో. కూర్చున్నాక గూటికి దగ్గర్లో నీళ్లూ కాసిన్ని గింజలూ పెట్టి, దాని దారిన దాన్ని వదిలేయాలి. అన్ని రకాలకూ ఇంత పట్టుదల ఉండదన్నది కూడా చెప్పుకోవాలి. గుడ్లు ఎక్కువ పెట్టే చైనా రకానికి మధ్యలో లేచిపోతుందన్న చెడ్డపేరు ఉంది.

ఇక్కడే ఒక ప్రశ్న. ఇదంతా ప్రేమేనా? 1938లో కొన్రాడ్ లోరెంజ్, నికో టింబర్జెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న విషయం మీద పెద్ద వ్యాసం రాశారు. పొదిగే బాతు గూటి అంచు దాటి ఒక గుడ్డు దొర్లిపోతే అది ఏం చేస్తుంది? కూర్చున్న చోటి నుంచే మెడ పూర్తిగా చాపి, ముక్కును గుడ్డుకు అవతలి వైపు ఆనించి, ముక్కు అడుగు భాగంతో దాన్ని తనవైపు మెల్లగా లాక్కుంటుంది. గుడ్డు పక్కకు జారుతుంటే ముక్కును అటూ ఇటూ కదిపి సరిచేస్తుంది. చూస్తే ఎంత జాగ్రత్త అనిపిస్తుంది. లాగుతుండగా మధ్యలో ఆ గుడ్డును ఎవరైనా చటుక్కున తీసేశారనుకోండి. బాతు ఆగదు. ముక్కు కింద ఏమీ లేకపోయినా ఆ లాగడాన్ని గూటిదాకా పూర్తి చేస్తుంది. గుడ్డు బదులు గుండ్రటి వేరే వస్తువు పెట్టినా అలాగే లాక్కుంటుంది.

ఇది చదివి "ఓస్, అదంతా యంత్రమే" అనేయడం తేలిక. అలా అనుకోనక్కర్లేదు. పసిపిల్ల ఏడుపు వినగానే పాలిచ్చే తల్లికి పాలు చేపుకు రావడం కూడా ఆలోచించి చేసే పని కాదు. దాన్నిబట్టి ఆ తల్లిది ప్రేమ కాదని ఎవరూ అనరు. బాతులో కొంత భాగం పుట్టుకతో వచ్చిన కదలిక, కొంత భాగం మొదటి గంటల్లో నేర్చుకున్నది, మిగతాది రోజూ పక్కపక్కన బతకడంలో కుదురుకున్నది. గుడ్డును లాక్కోవడం ఆ మొదటి భాగం. అసలు సంగతి గుడ్డు లోపలి నుంచి గొంతు వినిపించడంతో మొదలవుతుంది.

పెంకు లోపలి నుంచి

పిగలడానికి ఒకటి రెండు రోజుల ముందు గుడ్డు లోపల పిల్ల సన్నగా కూయడం మొదలుపెడుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే మనకూ వినిపిస్తుంది. తల్లి ఆ గొంతుకు బదులిస్తుంది. మామూలు అరుపుతో సంబంధం లేని, గొంతులోనే తిరిగే మెత్తటి శబ్దం అది. అన్నాళ్లు రాయిలా కూర్చున్న పక్షి అప్పుడు కాస్త కాస్త కదులుతుంది, తల వంచి పొట్ట కిందికి చూస్తుంది. పిల్ల పెంకుకు మొదటి చిల్లు పెట్టాక బయటపడడానికి ఒక రోజు పైనే పట్టొచ్చు. ఆ ఆలస్యం చూసి మనుషులు ఆగలేరు. గోటితో పెంకు ఒలిచి సాయం చేయబోతారు. లోపలి పొరలో ఇంకా రక్తం ఆడుతుండగా ఒలిస్తే పిల్ల చచ్చిపోవచ్చు. అక్కడ చేతులు కట్టుకుని ఉండడమే మేలు.

బయటికొచ్చిన పిల్ల తడిసిన గుడ్డపేలికలా ఉంటుంది. తల్లి రెక్క కింద కొన్ని గంటలు గడిపాక పసుపు, ఆకుపచ్చ కలిసిన నూగు ఉండలా మారుతుంది. పచ్చసొనలో మిగిలింది కడుపులోకి పీల్చుకునే పుడుతుంది కాబట్టి మొదటి రోజు రెండో రోజు తిండి లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఆ వ్యవధిలో జరగాల్సిన ముఖ్యమైన పని వేరే ఉంది, అమ్మ ఎవరో తెలుసుకోవడం.

పెద్దబాతు పిల్లకు అమ్మ రూపం పుట్టుకతో తెలియదు. కళ్లు తెరిచాక తన పిలుపుకు బదులిచ్చేదీ, కదిలేదీ ఏది ఎదురైతే దాన్నే అమ్మగా ముద్ర వేసుకుంటుంది. జర్మనీకి చెందిన ఓస్కర్ హైన్‌రోట్ 1911 నాటికే దీన్ని గమనించి రాశాడు. ఆస్ట్రియావాడైన లోరెంజ్ దాన్ని లోకమంతా తెలిసేలా చేశాడు. ఒక బాతు గుడ్లను రెండు వాటాలు చేసి, సగం తల్లి కింద ఉంచి, సగం ఇంక్యుబేటర్లో పొదిగించాడు. ఇంక్యుబేటర్ పిల్లలు మొదట చూసింది ఆయన్ని. రెండు గుంపులకూ గుర్తులు పెట్టి, కలిపేసి, ఒకే పెట్టె కింద మూసి, తర్వాత పెట్టె ఎత్తాడు. తల్లి పొదిగినవి తల్లి వైపు, మిగతావి లోరెంజ్ వైపు పరిగెత్తాయి. 1973లో ఆయనకూ టింబర్జెన్‌కూ తేనెటీగల నాట్యాన్ని విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తర్వాత కెనడాలో బిల్ లిష్‌మన్ అనే ఆయన చేత్తో పెంచిన బాతులను తన చిన్న విమానం వెంట ఎగిరేలా అలవాటు చేసి, 1993లో ఒంటారియో నుంచి అమెరికాలోని వర్జీనియా దాకా తీసుకెళ్లాడు. దారి తెలియని పిల్లలకు అమ్మ ఏ రూపంలో ఉన్నా దారి చూపిస్తే చాలన్నమాట.

మన ఊళ్లలో దీని ముచ్చట మరో రకంగా తెలుసు. కోడి కింద బాతు గుడ్లు పెట్టి పొదిగించడం పాత అలవాటు. పిల్లలు కాలవ చూడగానే బుడుంగున దిగిపోతాయి, కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ గోల పెడుతుంది. పెద్దబాతు గుడ్లయితే ఒక కోడికి నాలుగైదు మించి పట్టవు. గుడ్డు బరువుకు వాటిని తిప్పలేదు, రోజుకు రెండు మూడు సార్లు మనిషే తిప్పాలి. 21 రోజులకు అలవాటుపడ్డ కోడి నెల దాకా ఓపిక పడుతుందో లేదో చెప్పలేం.

చేత్తో పెంచడంలో ఇంకో చిక్కుంది, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచి ఒంటరిగా ఇంట్లో, ఒళ్లో పెరిగిన మగపిల్ల బాతు మొదటి ఏడు మహా ముద్దుగా ఉంటుంది. పిలిస్తే వస్తుంది, సోఫా ఎక్కుతుంది, వీడియోలకు బాగుంటుంది. వయసొచ్చాక దానికి మనుషులంటే భయం ఉండదు, ఎందుకంటే దాని దృష్టిలో మనుషులూ తన జాతే. ఇంటి ఇల్లాలిని జతగా లెక్కేసుకుని ఆమె భర్త మీదికో, ఇంటికొచ్చిన చుట్టాల మీదికో ఎగబడొచ్చు. తల్లి దగ్గర పెరిగిన మగబాతు బెదిరించి ఊరుకుంటుంది, మనిషి నిలబడితే వెనక్కి తగ్గుతుంది. ఇది తగ్గదు. అతి గారం చేసి పెంచినదే అందరికంటే ఎక్కువ కరుస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, పెంచినవాళ్ల మాట అదే.

తండ్రి వెనకాల

గూడు వదిలిన రోజు నుంచి ఊరేగింపు మొదలు. ముందు తల్లి, మధ్యలో పిల్లలు, చివర మగబాతు. కొన్నిసార్లు వరస మారుతుంది గానీ పిల్లలు మాత్రం మధ్యలోంచి కదలవు. తల్లి పని పిల్లలను మేతకు, నీటికి, నీడకు నడిపించడం, చలేస్తే రెక్కల కింద పొదువుకోవడం. తండ్రి పని తల ఎత్తి చూడడం. తల్లీపిల్లలు మేస్తున్నంతసేపూ మగబాతు మెడ నిటారుగా నిలబెట్టి ఉంటుంది. గద్ద పైన తిరిగితే తల పక్కకు వంచి ఒంటి కన్నుతో ఆకాశంలోకి చూస్తుంది. కాకి, కుక్క, ముంగిస, జంగుపిల్లి, పక్కింటి కోడిపుంజు, ఆఖరికి సైకిలైనా సరే, ఏది దగ్గరికొచ్చినా దానికి శత్రువే. కోళ్లలో, మన నీటిబాతుల్లో మగది పిల్లల జోలికే రాదు. పెద్దబాతుల్లో తండ్రి ఇంతగా పట్టించుకోవడం ఈ జాతి ప్రత్యేకత.

మగబాతు ఎవరినైనా తరిమేశాక ఏం చేస్తుందో గమనించాలి. చాలామంది ఆ తరమడం వరకే చూసి పరిగెత్తుతారు కాబట్టి తర్వాతది చూడరు. శత్రువు వెనక్కి తగ్గగానే అది గిరుక్కున తిరిగి, మెడ ముందుకు చాపి, గొంతెత్తి అరుస్తూ తన వాళ్ల దగ్గరికి పరుగెడుతుంది. ఆడబాతు మెడ చాపి గొంతు కలుపుతుంది. రోజుల పిల్లలు కూడా జానెడు మెడలు చాపి సన్న గొంతుతో కలుస్తాయి. అన్ని మెడలూ పక్కపక్కన, ఒకదాని ముఖం మీదికి ఒకటి పోకుండా కాస్త ఏటవాలుగా ఉంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని విజయోత్సవం అన్నారు. కొన్నిసార్లు శత్రువే ఉండదు. గాల్లోకి కొంచెం దూరం పరిగెత్తి, ఎవరినో ఓడించినట్టు తిరిగొచ్చి ఇదే తతంగం జరుపుతుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. కానీ కుటుంబాన్ని కలిపి ఉంచేది ఈ తతంగమే. ఆ గొంతులో గొంతు కలిపినవాళ్లే మనవాళ్లు, కలపనివాళ్లు పరాయివాళ్లు. మన చెయ్యి కరిచిన మగబాతు వెనక్కి పరుగెత్తి చేసే గోల కూడా ఇదే. మనం పరాయివాళ్ల లెక్కలో ఉన్నామని అర్థం.

ఈ బంధం పైపై గోలేనా, లోపల కూడా ఏమైనా ఉందా? లోరెంజ్ తన బాతుల మందను 1973లో ఆస్ట్రియాలోని గ్రూనౌ దగ్గరి లోయకు తరలించాడు. అక్కడి పరిశోధకులు కొన్ని బాతుల ఒంట్లో గుండె వేగాన్ని పట్టే చిన్న పరికరాలు అమర్చారు. 2008లో వచ్చిన ఫలితాలు ఆసక్తిగా ఉన్నాయి. ఉరుము ఉరిమినా, వాహనం పక్కనుంచి పోయినా పెరిగిన గుండె వేగం కంటే, ఊరికే నిలబడి తోటి బాతుల గొడవ చూస్తున్నప్పుడు పెరిగిన వేగం ఎక్కువ. ఆ గొడవలో ఉన్నది తన జత గానీ తన కుటుంబంలోది గానీ అయితే ఇంకా ఎక్కువ. తనకు దెబ్బ తగలకపోయినా తనవాళ్లు గొడవపడుతుంటే గుండె కొట్టుకోవడాన్ని ప్రేమ అనొచ్చా లేదా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఆ మాట వాడినంత మాత్రాన తప్పులేదనే అనిపిస్తుంది.

దీని వల్ల లాభం కూడా ఉంది. మందలో పిల్లలున్న జంటకు మర్యాద పెరుగుతుంది. ఒంటరి బాతును మేత దగ్గర నుంచి తరిమేస్తారు, కుటుంబంతో వచ్చినదానికి దారి ఇస్తారు. జతను పోగొట్టుకున్న బాతు మందలో ఒక్కసారిగా కిందికి పడిపోతుంది, అంతకుముందు తనకు భయపడినవి కూడా తరుముతాయి.

మనుషులు ఈ కాపలాను వాడుకోవడం కొత్త కాదు. క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ సేనలు రాత్రిపూట రోమ్‌లోని కాపిటోల్ కొండ ఎక్కుతుంటే కుక్కలు ఊరుకున్నాయనీ, జూనో దేవత గుడి బాతులు అరిచి సైనికులను లేపాయనీ రోమన్ చరిత్రకారులు రాసుకున్నారు. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో బాలంటైన్స్ విస్కీ గోదాములకు 1959 నుంచి దశాబ్దాల పాటు బాతుల మంద కాపలా కాసింది. 2013లో చైనాలోని షిన్‌జియాంగ్ పల్లెల్లో పోలీసులు కూడా బాతులను కాపలాకు పెట్టారు. రోమ్ కథలో కల్పన ఎంతైనా ఉండొచ్చు గానీ, గుంపుగా పడుకున్న పక్షులు రాత్రి చప్పుడును పట్టేయడం మాత్రం నిజం. గుంపు అంచున నిద్రపోయే నీటిబాతులు బయటి వైపు కన్ను తెరిచి, మెదడులో సగాన్నే నిద్రపుచ్చుతాయని 1999లో తేలింది.

ఇక పాముల మాట. బాతులు పామును చూస్తే గోల చేస్తాయి, ఆ గోలకు మనుషులు లేస్తారు, అంతవరకు నిజం. బాతులుంటే పాములు రావన్నది మాత్రం నమ్మి కూర్చోవాల్సినది కాదు. నేల మీద పడ్డ నూకలకు ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. గుడ్లకూ రోజుల పిల్లలకూ కూడా పాములతో ప్రమాదమే. ఆ ధీమాతో పెరట్లో చీకట్లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకు బాతులు ఏ సాయమూ చేయలేవు.

పెరట్లో ఏం తప్పులు జరుగుతాయంటే

పిల్లలున్న రోజుల్లో చాలా దెబ్బలు ఒకే కారణంతో తగులుతాయి. మనిషి తెలియక మగబాతుకూ పిల్లలకూ మధ్యలోకి వెళ్తాడు. ముద్దొచ్చి పిల్లను ఎత్తుకుంటాడు, అది గట్టిగా కూస్తుంది, ఆ కూతకు తండ్రి పరుగెత్తుకొస్తుంది. అప్పుడు వెనక్కి తిరిగి పరుగెత్తడం కంటే చేతులు వెడల్పుగా చాచి, నిలబడి, మెల్లగా పక్కకు తప్పుకోవడం మంచిది. పరుగెత్తేవాడిని తరమడం దానికి ఇంకా సులువు. కర్రతో కొట్టడం మొదలుపెడితే ఆ మనిషిని చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. ముక్కు పట్టు కంటే రెక్క దెబ్బ ప్రమాదం. రెక్క మడత పడే చోట గట్టి ఎముక బొడిపె ఉంటుంది, దానితో కొడితే పెద్దవాళ్లకైనా ఒళ్లు కమిలిపోతుంది. చిన్నపిల్లలను ఆ రోజుల్లో ఒంటరిగా దగ్గరికి పంపకూడదు.

ఒకే గూట్లో రెండు ఆడబాతులు గుడ్లు పెట్టేస్తే ఇంకో తలనొప్పి. గుడ్ల వయసులు కలిసిపోతాయి. ముందు పిగిలిన పిల్లలతో తల్లి లేచి వెళ్లిపోతే వెనకాల గుడ్లు చల్లబడతాయి. రెండు తల్లులూ "నా పిల్ల" అంటూ తోసుకునే తొక్కిసలాటలో రోజు పిల్లలు నలిగిపోవడమూ ఉంది. గూళ్ల మధ్య ఒక తడికో, పాత తలుపో అడ్డం పెడితే చాలావరకు ఆగుతుంది.

నీళ్ల విషయం వింతగా అనిపించొచ్చు. నీటి పక్షి పిల్ల నీళ్లలో చచ్చిపోతుందా అంటే, అవును. తల్లి ఈకల కింద పెరిగిన పిల్లకు మొదటి రోజుల నుంచే నూగు నీటిని బాగానే ఆపుతుంది, చలేస్తే దూరడానికి రెక్క ఉంటుంది. బల్బు కింద పెరిగిన పిల్ల తొందరగా తడిసి ముద్దవుతుంది. నిట్టనిలువు గోడలున్న సిమెంటు తొట్టిలో దిగి ఎక్కలేకపోతే తల్లి ఉన్నా దక్కదు. మగబాతు గట్టు మీద నిలబడి అరవగలదే గానీ పిల్లను ఎత్తి బయట పెట్టలేదు. తొట్టిలో నాలుగు ఇటుకలు మెట్లలా పేర్చితే సరిపోతుంది.

మేతకు లేత గడ్డే ముఖ్యం. పిల్ల రెండో రోజు నుంచే తల్లి పక్కన నిలబడి గడ్డి కొరుకుతుంది. కోడిపిల్లల దాణా ఒక్కటే పోస్తే ఈ పిల్లలకు కావాల్సినంత నయాసిన్ అనే విటమిన్ అందకపోవచ్చు, కాళ్లు వంకరపోతాయి. మరీ బలమైన దాణా పోస్తే రెక్క చివర్లు బయటికి తిరిగిపోతాయి. పల్లెలో గట్ల మీద మేసే పిల్లలకు ఈ రెండు బాధలూ తక్కువే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంటే, బాతులనూ కోళ్లనూ ఒకే తొట్టి నీళ్లు తాగనివ్వకపోవడం ఎందుకు మంచిదో వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటి ఏడు

కోడి తన పిల్లలను రెండు నెలలు తిరక్కముందే పొడిచి పంపేస్తుంది. అడవి పెద్దబాతు అలా పంపదు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరినా, వలస పోయినా, చలికాలమంతా తల్లిదండ్రుల పక్కనే ఉంటాయి. తల్లిదండ్రుల రెక్క ఈకలు కూడా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే రాలిపోయి, పిల్లలకు రెక్కలు గట్టిపడే సమయానికి మళ్లీ మొలుస్తాయి. కొన్ని వారాలు ఇంటిల్లిపాదీ ఎగరలేక నేల మీదే ఉండి, ఆ తర్వాత ఇంచుమించు కలిసే గాల్లోకి లేస్తారు. మళ్లీ గుడ్ల కాలం వచ్చినప్పుడు మాత్రం తండ్రి మారిపోతుంది. ఏడాదంతా వెంట తిప్పుకున్న పిల్లలనే మెడ చాపి తరుముతుంది. అవి కొంచెం దూరంలో, గూడు కనిపించే మేరలో తచ్చాడుతుంటాయి. ఆ ఏడాది గుడ్లు పాడైపోతేనో, కొత్త పిల్లలు దక్కకపోతేనో, చాలాసార్లు ఆ పాత పిల్లలు మళ్లీ వచ్చి కుటుంబంలో కలిసిపోతాయి.

పెరట్లో అలా దూరంగా తచ్చాడే చోటు ఉండదు. ప్రహరీ గోడ అడ్డం వస్తుంది. నిరుడు రెక్కల కింద దాచిన మగపిల్లలను తండ్రి ఈ ఏడు గోడకు నొక్కిపెట్టి కొడుతుంటే చూసినవాళ్లు మళ్లీ పిచ్చెక్కిందనే అంటారు. ఆ రెండు నెలలూ వాటిని వేరే కొట్టంలో పెట్టాలి. పొదగడం అయిపోయాక తలుపు తీస్తే మొదట ఒక మగబాతు గొంతు లేస్తుంది, ఆ వెనక ఒక్కొక్కటిగా మిగతా గొంతులు కలుస్తాయి.